సూది వెయ్యని గది

ఆరోగ్యశాఖలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా రిటైరయ్యాక ఈపూరులో ఓ గది అద్దెకు తీసుకుని ఆరోగ్య సలహా కేంద్రం తెరిచాను. ఫీజు యాభై రూపాయలు. అరుగెక్కితే చాలు సలహా ఊరకే దొరికే ఊళ్ళో దాన్ని అమ్మకానికి పెట్టిన మొనగాణ్ణి నేనే అనుకుంటా.

బోర్డు రాసే కుర్రాడు నా పేరు ముందు ‘డాక్టర్’ అని పెడతానని పట్టుబట్టాడు. జాగా ఖాళీగా ఉందట. అర్హత లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా అని చెప్పాను. “మరి వైద్యం చెయ్యనప్పుడు గదెందుకు సార్?” అన్నాడు. నా మొదటి సలహా పుచ్చుకున్నవాడు అతనే. యాభై ఇవ్వకపోగా బోర్డుకి డబ్బులు పట్టుకుపోయాడు.

తర్వాత మిరప కోతల నుంచి ఓ ముసలమ్మ వచ్చింది.

“సూదెయ్యవా అయ్యా?”

“వెయ్యనమ్మా.”

“గోళీలిస్తవా?”

“ఇవ్వను.”

“మరేం జేస్తవు?”

“ఏం చెయ్యాలో చెబుతాను.”

“చెప్పడానికి మా కోడలుందిగా! అది రోజూ ఊరకనే చెబుతది,” అని లేచింది.

మా వైపు నీరసానికి మందొక్కటే, సెలైను. బీపీ ఉన్న ఓ రైతు, ఓ బాటిల్ ఎక్కించుకుంటే తేలిగ్గా ఉంటుందని నా ఆమోదం కోసం వచ్చాడు. అర లీటరు సెలైన్లో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. మనిషి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది అని లెక్క చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “అయితే బాటిలెక్కించుకున్న రోజు కూరలో ఉప్పు మానేస్తే సరిపోద్ది,” అన్నాడు. ఎండన పడి విరేచనాలు పట్టుకున్నవాడికి ఓఆర్‌ఎస్ పొట్లం చాలాసార్లు చాలు. లీటరు నీళ్ళలో రెండున్నర గ్రాముల పైచిలుకు ఉప్పు, పదమూడున్నర గ్రాముల గ్లూకోజు, మరో రెండు లవణాలు. కానీ అది గోడ మేకుకి వేలాడదు. అందుకే దానికి మర్యాద లేదు.

పోటీ కూడా మామూలుగా లేదు. ఉప్పు మానమని మంతెన సత్యనారాయణ రాజుగారు, అన్నం మాని కొవ్వు తినమని వీరమాచనేని రామకృష్ణగారు, కొర్రలు, అరికెలు తినమని 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలీగారు అందరి ఫోన్లలోనూ కాపురముంటున్నారు. మా బాబాయి వరసాయన ఎవరినీ నొప్పించడు. పొద్దున ఉప్పులేని కూర, మధ్యాహ్నం నెయ్యి, రాత్రి కొర్రన్నం. నడుమ ఆకలేస్తే ఆవకాయ. పరగడుపు షుగరు 126కు చేరితే మధుమేహం కింద లెక్క. ఆయన చీటీలో 210 ఉంది. “మూడు పద్ధతులు చేస్తున్నా కదరా, తలా డెబ్బయ్యేగా!” అన్నాడు.

విజయవాడ డాక్టర్ సమరంగారు ‘స్వాతి’ వారపత్రికలో పాఠకుల రహస్య సందేహాలకు ఏళ్ళ తరబడి జవాబులిచ్చారు. అడిగేవాడి మొహం కనపడకపోవడం ఆ ఏర్పాటులో ఉన్న సుఖం. నా గది తలుపు బజారు మీదికి తెరుచుకుంటుంది. అందుకని నా దగ్గరికొచ్చే రోగాలన్నీ ఎవరి బావమరిదివో.

నిజంగా అడగాల్సిన సంగతి మాత్రం ఎవరూ అడగరు. మా వినుకొండ ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. “మేం కాచే తాగుతాం సార్” అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు చావదు; నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఎదిగే పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడుతుంటే మా వంశంలో అందరికీ అంతేనని మురిసిపోయేవాళ్ళున్నారు. వంశానిది కాదయ్యా, బోరుది! ఇది మాత్రం డబ్బులడక్కుండానే చెబుతాను. వద్దన్నవాళ్ళ వెంటపడి మరీ చెబుతాను.

బీపీ, షుగరు పరీక్షలు సర్కారు ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ముందు అక్కడికే వెళ్ళండి. అక్కడ రద్దీగా ఉండి డాక్టరుగారు చెప్పింది సగమే అర్థమైతే, ఆ చీటీ పట్టుకుని నా గదికి రండి. మిగతా సగం తీరిగ్గా విడమరిచి చెబుతాను. కుర్చీలన్నీ ఖాళీయే.