పదింతల కన్ను

నన్ను కంటికి ఆనించుకున్న మనిషి ఊపిరి నాకు తగులుతుంది. నెల్లూరు ప్రెస్సులో మిషన్‌మన్ ఊపిరి వక్కపొడి వాసన. సీతారామపురం అయివారి ఊపిరి పొద్దున కాఫీ, రాత్రి దగ్గు మందు. నేనొక భూతద్దాన్ని. రూపాయి బిళ్ళంత గాజు, కింద గిన్నె లాంటి తొడుగు. కాగితం మీద బోర్లించి పైనుంచి కన్ను పెడితే ఉన్నదాన్ని పదింతలు చేసి చూపిస్తాను. ప్రెస్సు వాళ్ళు లూప్ అనేవాళ్ళు.

నా మొదటి ఇరవయ్యేళ్ళూ చుక్కల్లోనే గడిచిపోయాయి. ట్రంకు రోడ్డు పక్క సందులో ఆఫ్‌సెట్ ప్రెస్సు. శుభలేఖలు, రైస్ మిల్లు బస్తాల లేబుళ్ళు, బంగారు కొట్ల క్యాలెండర్లు. మీరు ఆకుపచ్చ అనుకునేది అక్కడ లేదు, కాషాయం అనుకునేదీ లేదు. నీలం, గులాబి, పసుపు, నలుపు, ఈ నాలుగు ఇంకులే. అంగుళానికి నూటయాభై వరసల చొప్పున చుక్కలు. ఒక్కో రంగు వరసలు ఒక్కో వాలులో పోతాయి కాబట్టి నా కింద చూస్తే నాలుగు రంగుల చుక్కలు చేరి చిన్న పువ్వుల్లా కనబడతాయి. రంగు మీద రంగు సరిగ్గా కూర్చునే రిజిస్ట్రేషన్ వెంట్రుకవాసి జరిగితే చాలు, వెంకటేశ్వరస్వామికి నామం పక్కన ఇంకో నామం. మిషన్‌మన్ నన్ను స్వామి నుదుటి మీద పెట్టి, చూసి, "నీలం కొంచెం ఎడం పక్కకి" అని అరిచేవాడు. ఎంతమంది దేవుళ్ళ నుదుళ్ళ మీద కూర్చున్నానో లెక్క లేదు. అందుకే నాకు భక్తి తక్కువ.

ప్రెస్సు చేతులు మారింది. ఫిల్ములు పోయి కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్లు దిగే మిషన్ వచ్చింది. మిషన్‌మన్ నన్ను జేబులో వేసుకుని ఆత్మకూరు మీదుగా సొంతూరు బస్సెక్కాడు. జేబులో తాళాలగుత్తి ఒత్తుకుని నా ప్లాస్టిక్ తొడుగు పగిలింది. ఉదయగిరిలో బస్సు మారేటప్పుడు, చెక్క గరిటెలూ స్పూన్లూ చెక్కే ఇంటి అరుగు మీద ఒకావిడకు నన్ను చూపించాడు. ఆమె చేతిలో అప్పుడు సగం తేలిన స్పూను ఉంది, కాడ చివర చేప తోక. దాన్ని పక్కన పెట్టి, నన్ను అటూ ఇటూ తిప్పి, అదే రకం చెక్క ముక్కలో గిన్నె తొలిచి గాజు దిగ్గొట్టింది. కాగితం మీద వెలుతురు పడాలని పక్కన కిటికీ కూడా కోసింది. డబ్బులడిగితే చేత్తో పొమ్మంది. ఈ తొడుగుకి ఇప్పటికీ చెక్క వాసన పోలేదు. సీతారామపురంలో దిగాక మిషన్‌మన్ నన్ను తనకు ఆరో తరగతిలో డ్రాయింగు చెప్పిన అయివారి చేతిలో పెట్టాడు. "మీ కళ్ళకి పనికొస్తాది సార్."

అయివారు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా మామిడికాయ, కూజా, నీడ పడిన ఘనం వేయించిన మనిషి. సొంత బొమ్మలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, ఎవరికీ చూపించడు. ఆయన దేవుడు మాత్రం చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్. నాకు వినీ వినీ నోటికొచ్చేసింది: మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టుక, హైదరాబాదులో చదువు, ఆ తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ, 2016లో పద్మశ్రీ. అయివారిని పట్టుకున్నవి పద్మశ్రీలు కాదు, మేకలు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో, అంటే లోహపు రేకు నుంచి తీసిన అచ్చుల్లో, మేకలు మనుషుల సందున దూరి, మనుషులకంటే తెలివిగా చూస్తాయి. ట్రైనింగుకు హైదరాబాదు వెళ్ళినప్పుడు ఎగ్జిబిషన్‌లో ఒకదాన్ని చూసి, బస్సు తప్పిపోయేదాకా అక్కడే నిలబడ్డాడట. "మెదకు మేకైనా మన వెలిగొండల్లో మేకైనా ఆ చూపు ఒకటేరా" అంటాడు. ఘటికసిద్ధేశ్వరం దారిలో మందలు అడ్డమొచ్చినప్పుడు ఆగి నిజంగానే వాటి కళ్ళలోకి చూస్తాడు. గొర్లకాపరులు ఈయనకు కొంచెం దూరం.

రిటైరైన ఏడాది హైదరాబాదు పోయి ఒక మేకను కొనుక్కొచ్చాడు. అట్ట గొట్టంలో చుట్టిన బొమ్మ. కింద పెన్సిలుతో 45/500, అంటే అయిదొందల ప్రతుల్లో నలభై అయిదోది, కుడిపక్కన సంతకం. బంగారు బిళ్ళ అంటించిన సర్టిఫికెట్ వేరే కవర్లో. ఆ కొట్టు పేరు చెప్పను. అయివారే చెప్పొద్దన్నాడు, ఆయన సిగ్గు ఆయనది. ఫ్రేము కట్టించి, టీవీకి పైన తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. నేను డ్రాయరులో ఉన్నాను. ఆయనకు నన్ను తియ్యాలని తోచలేదు. దేవుడి ముందు భూతద్దం పెట్టేదెవరు?

సంక్రాంతికి మిషన్‌మన్ వచ్చాడు. చూశాడు. "సార్, నా లూప్ ఉండాదా?" అన్నాడు. అంతే, ఫ్రేము కిందికి దిగింది, వెనక మేకులు ఊడాయి, నేను మేక గడ్డం మీద కూర్చున్నాను.

చూడగానే నాకు సొంతిల్లు గుర్తొచ్చింది. వరసగా పేర్చిన చుక్కలు కాదు, ఇంక్‌జెట్ మిషన్ చిమ్మిన తుంపర. కానీ చుక్క చుక్కే. దూరం నుంచి నల్లటి గీత అన్నదాని అంచున నీలి తుంపర, గులాబి తుంపర, అక్కడక్కడా దారి తప్పిన పసుపు. ఒక్కటే నల్ల సిరాతో ఒత్తిన గీతలోకి పసుపెందుకొస్తుంది? మిషన్‌మన్ ఏమీ అనకుండా నన్ను సంతకం మీదికి జరిపాడు. పెన్సిలు గీత అయితే కాగితం పీచుల మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి. పీచు లేచినచోట నల్లగా, పల్లంలో తెల్లగా, వాల్చి చూస్తే చిన్న మెరుపుతో. నా కింద ఉన్న సంతకంలోనూ తుంపరే. 45 కూడా తుంపరే, 500 కూడా.

మిషన్‌మన్ లేచి అయివారిని కూర్చోబెట్టాడు. అయివారు కన్ను పెట్టాడు. ఆయన ఊపిరి నాకు తగలడం కాసేపు ఆగింది.

లోపల్నుంచి అమ్మగారు దోశ పెనం దించి వచ్చింది. సంగతి విని, "అచ్చంటేనే నకలు గదా, ఇంకేం మోసం ఉండాది దీంట్లో" అంది. న్యాయమైన ప్రశ్న. మిషన్‌మన్‌కు సమాధానం తోచలేదు. అయివారు పెనం వైపు చూశాడు. "పెనం ఒకటేగదా, పొద్దున్నుంచి ఇరవై దోశలు పోసినావు. ఏది అసలు, ఏది నకలు?"

"అన్నీ దోశలే."

"ఎచింగు అట్టాంటిది. ఇది దోశ ఫొటో."

ఎచింగు గురించి ఆ పూట ఆయన చెప్పిందంతా నేను డ్రాయరు బయటే ఉండి విన్నాను. జింకు రేకుకు మైనం కలిసిన నల్ల పూత పూస్తారు. చిత్రకారుడు సూదితో ఆ పూతను గీకుతాడు. రేకును నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే గీకినచోట మాత్రం లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు తింటే లోతు గీత, నల్లగా పడుతుంది, తక్కువసేపైతే సన్నగా. పూత తుడిచేసి సిరా రుద్ది, పలచటి గుడ్డతో పైపైన తుడిస్తే సిరా గాట్లలోనే ఉండిపోతుంది. తడి ఆరని మందపు కాగితం పరిచి, పైన దుప్పటి వేసి, ఇనుప రోలర్ల మధ్య నొక్కుతారు. కాగితం గాట్లలోకి దూరి సిరాను నాకి తెస్తుంది. బొమ్మ పూర్తిగా కనబడేది ఆ కాగితం మీదే. అంతకుముందు అది ఎక్కడా బొమ్మ కాదు, రేకు మీద తిరగబడ్డ గాట్లు. కాబట్టి ఇరవై కాగితాలు తీస్తే ఇరవయ్యూ అసలే. ఇరవై తీశాక ఇంకొకటి తియ్యకుండా రేకును అడ్డంగా గీరి చంపేయడం కూడా ఉంది. అంకె మీద నమ్మకం అక్కడినుంచి వస్తుంది.

కొట్టుకు ఫోను చేస్తే, "సర్టిఫికెట్ ఇచ్చాం గదండీ" అన్నారు. కవరు విప్పి మళ్ళీ చదివారు. నిజమే, దాంట్లో ఎక్కడా ఎచింగ్ అన్న మాటే లేదు. 'ఆర్ట్ ప్రింట్' అని ఉంది. ప్రింట్ అనే మాట కింద తుంపరా దాక్కోగలదు, యాసిడూ దాక్కోగలదు. బంగారు బిళ్ళ మీద కూడా నన్ను పెట్టారు. అది మాత్రం చాలా శుభ్రంగా అచ్చైంది, మా ప్రెస్సులో కూడా అంత బాగా వచ్చేది కాదు.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు అయివారు నన్ను చొక్కా జేబులోంచి తియ్యలేదు. పెళ్ళిళ్ళకు పోయినా అంతే. ఉదయగిరిలో ఒక పాత వ్యాపారి ఇంట్లో పూజగదిలో రవివర్మ లక్ష్మి ఉంటే, పసుపు కుంకుమల మధ్య నన్ను దించాడు. చీర అంచుకు ఎవరో నిజం జరీ కుట్టారు. నేను చుక్కలే చూశాను, కానీ మా చుక్కలు కావు. వరస లేదు, పువ్వు లేదు. చిన్నవీ పెద్దవీ, చేత్తో పొడిచినవి. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టినప్పుడు రంగుకొక రాయి చొప్పున ఎవరో పనివాళ్ళు కూర్చుని ఆ చుక్కలన్నీ పొడిచారు. తర్వాత ప్రెస్సు లోనావ్లా దగ్గరికి మారింది. ఇంటివాళ్ళ అనుమతితో చట్రం విప్పితే అడుగున కార్లా, లోనావ్లా అన్న అచ్చు బయటపడింది. దాన్నీ నకలే అనొచ్చు, ఎక్కడో రంగులతో వేసిన చిత్రానికి రాతి అచ్చు. కానీ అది నేనొక ఎచింగునని ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. నాకు ఆ లక్ష్మి నచ్చింది. ప్రెస్సులో కూర్చున్న నుదుళ్ళన్నిట్లో లేని చెయ్యి దాంట్లో ఉంది.

నెల్లూరులో ఒక డాక్టరుగారి హాల్లో తోట వైకుంఠం గారి పెద్ద బొట్టు ఆడమనిషి, సెరిగ్రాఫ్. అంటే బట్ట తెరల మీదుగా ఒక్కో రంగూ విడివిడిగా గుంజి దించే పద్ధతి. బొట్టు మీద పెడితే చుక్క లేదు, ఎరుపు మొత్తం ఒకటే పొర, అంచు కొంచెం లేచి ఉంది. చిత్రకారుడు సంతకం చేసి, అంకె వేసి, ఇది సెరిగ్రాఫేనని చెప్పి అమ్మితే తగవే లేదు. కొనేవాళ్ళు ఆ తేడాకు తగ్గ ధర ఇవ్వాలి, అంతవరకే.

సంతకం చివర చూడాలి, ముందు అంచులు చూడాలి అనేది అయివారు అప్పుడు నేర్చుకున్నదే. ఇంకోటి ఉదయగిరి దుర్గం నేర్పింది. ఎండలో కొండవైపు తిరిగి మిషన్‌మన్‌కు చెప్పాడు. 1514లో కృష్ణరాయలు గజపతుల నుంచి ఈ దుర్గం తీసుకుని, ఇక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరం తీసుకుపోయి గుడి కట్టించాడు. 1515 నాటి శాసనం హంపీలో ఆ గుడి దగ్గరే ఉంది, విగ్రహం ఉదయగిరి నుంచి వచ్చిందని చెబుతూ. ఆ విగ్రహం ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. "ఎవురి చేతిలోంచి ఎవురి చేతికి పోయిందో రాయి మీద చెక్కి పెట్టినాడు చూడు. బంగారు బిళ్ళ కాదబ్బయా, అదీ సర్టిఫికెట్టంటే." సొంతూరి దేవుణ్ణి ఎత్తుకుపోయిన రశీదును అంత మురిపెంగా చెప్పే మనిషిని నేనింకొకర్ని చూడలేదు.

అసలు మేక దొరికింది హైదరాబాదులోనే. అంతకుముందు రెండు చోట్ల "ఫ్రేము విప్పి చూపిస్తారా?" అంటే, విప్పం అన్నారు. అయివారు మెట్లు దిగేశాడు. మూడోచోట ఒక అమ్మాయి మాట్లాడకుండా నూలు గ్లౌజులు తొడుక్కుని, బొమ్మను బోర్లించి వెనక అట్ట తీసింది. అరచేతికి కొంచెం పెద్దది. మేక, దాని వెనక తలపాగా, తలపాగా కింద సగం ముఖం. కింద 9/20. ఇంతకుముందు కొన్నవాళ్ళ పాత రశీదు, ఫైల్లో పెట్టినది, దాన్ని కూడా ముందుంచింది.

నన్ను మొదట బొమ్మ మీద పెట్టలేదు. బొమ్మ చుట్టూ ఉన్న తెల్లటి కాగితం మీద పెట్టాడు. అక్కడొక మెట్టు ఉంది. రేకు అంచు నొక్కుకుని కాగితం దిగిపోయిన గీటు. నాలుగు మూలలూ కొంచెం గుండ్రం, రేకు మూల కాగితాన్ని చింపకుండా ఆకురాయితో అరగదీసిన గుర్తు. తర్వాత గీతల మీదికి జరిగాను. నలుపు అంటే అంతే, నలుపు. పక్క రంగు లేదు. సిరా కాగితంలో ఇంకిపోలేదు, పైకి లేచి నిలబడింది, వాలుగా వెలుతురు పడితే గీతకు నీడ. మేక కన్ను దగ్గర సూది ఒకసారి జారింది, యాసిడ్ ఆ జారుడును కూడా వదలకుండా తిన్నది. నా ఆయుష్షులో తప్పులు చాలా చూశాను, అన్నీ మిషన్ తప్పులు. మనిషి చెయ్యి జారినది అదే మొదటిసారి. సంతకం చివర చూశాడు. పీచుల మీద ఎక్కి దిగిన పెన్సిలు, నా గాజు వాల్చితే మెరిసింది.

పెన్షన్ కమ్యుటేషన్ డబ్బులో మిగిలిందంతా పోయింది. అమ్మగారికి ఎంతో చెప్పలేదు, నేను మాత్రం ఎందుకు చెబుతాను. బొమ్మ ఇప్పుడు ఎండ తగలని లోపలి గోడకు ఉంది. గాజు తగలకుండా మధ్యలో ఆమ్లం లేని అట్ట, వెనక సెల్లోటేపు లేదు, చెద భయానికి గోడకూ ఫ్రేముకూ మధ్య వేలెడు సందు.

అయివారికి శుక్లాలు ముదిరాయి. కన్ను పెట్టినా నాలోంచి ఆయనకు మసకే. మధ్యాహ్నాలు బొమ్మ ముందు కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటాడు, నన్నడగడు. నన్ను మనవరాలు తీసుకుంది. వేసవి సెలవులకు వచ్చింది, అయిదో తరగతి. చీమలు, వేలిముద్రలు, వేపపువ్వు అన్నీ అయిపోయి, మొన్న ఇంటి వెనక ఎండలోకి తీసుకుపోయింది. అక్కడ కోళ్ళగూటి పైన వాన పడకుండా పరిచిన కాగితం ఉంది. 45/500. నన్ను సంతకం మీద గాల్లో ఆడించి, ఎండను ఒక చుక్కగా కుదించి పట్టుకుంది. తుంపరంతా గోధుమరంగుకు తిరిగి, పొగ లేచింది.

లోపల్నుంచి దగ్గు. "ఏం కాలుస్తుండావే? ఏందా వాసన?"

"మేకను తాతా!"

కుర్చీ కిందపడిన చప్పుడు. గోడ తడుముకుంటూ అయివారు లోపలి గదికి పరుగెత్తిన అడుగులు.

"ఆ మేక కాదు తాతా, కోళ్ళ మేక!"