రెండు బాతులు సరే, నీళ్ళేవి?

కార్తీక వనభోజనాలంటే ఒకప్పుడు ఉసిరిచెట్టు, పులిహోర. ఇప్పుడు విస్తరి తీయకముందే మైకు వస్తుంది, వెంట తంబోలా టికెట్లు వస్తాయి. ఆట మీద నాకే కోపమూ లేదు. జల్దీ ఫైవ్ కొట్టిన పెద్దమ్మ మొహం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నా గొడవంతా మైకు పట్టుకున్నాయనతోనే.

తీసిన అంకెకల్లా దొరలు పెట్టిన ముద్దుపేరు చదువుతాడు. "టూ లిటిల్ డక్స్, ట్వెంటీ టూ!" అంటాడు. మనం "క్వాక్ క్వాక్" అనాలట. నోరు మెదపకపోతే "ఏం సార్, ఇది సంప్రదాయం!" అని మందలింపు. ఎవరి సంప్రదాయం నాయనా? మనది అనంతపురం, ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పుడు కూడా ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వానే పడిన చోటు. పోనీ, ఇరవై రెండుకు మనకు సొంత కథ లేదా అంటే, 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. ఆ నాలుగు రోజులూ రెండేమిటి, ఇరవై బాతులు ఈదినా అడిగేవాడు లేడు. ఇంటి సరుకు ఇంత ఉండగా లండన్ బాతులెందుకు?

తొమ్మిది వస్తే "డాక్టర్స్ ఆర్డర్స్". బ్రిటిష్ సైన్యంలో డాక్టర్లు సిపాయిలకిచ్చిన విరేచనాల మాత్ర పేరు 'నంబర్ నైన్'. ఆ సంగతి తెలియక మనవాళ్ళు పులిహోర నములుతూనే చప్పట్లు కొడతారు. ఎనభై ఎనిమిదికి "టూ ఫ్యాట్ లేడీస్" అనాలి కదా, ముందు వరుసలో అత్తయ్యలు కూర్చున్నారని చూసి మాత్రం సంప్రదాయం గొంతు తగ్గించుకుంటుంది. భయమంటే అదీ!

ఒళ్ళు మండేది ఎనభై దగ్గర. "గాంధీస్ బ్రేక్‌ఫాస్ట్" అట. ఎయిట్, నథింగ్ అని పలికితే 'ఏమీ తినలేదు' అని వినబడాలి, అదీ చమత్కారం. నిరాహారదీక్ష పట్టిన మనిషి మీద దొరగారి జోకు. కరువు కథలు తాతల నోట విన్న సీమలో, రెండోసారి వడ్డించుకుని, దానికి మనం నవ్వాలి.

పేర్లు కావాలంటే మనకేం తక్కువ? రెండుకు ఏపీ జీరో టూ, మన బండ్ల నంబరు. రాష్ట్రమంతటికీ 39 వచ్చాక అది పాత బండ్లకే మిగిలింది, అదో దిగులు. ఇరవై ఏడంటే కార్తెలు, వేరుశనగ రైతును నిద్ర లేపి అడిగినా వరసగా చెబుతాడు. డెబ్బై ఏడు ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారిది, ఆయన రాష్ట్రపతి అయిన ఏడు. నలభై నాలుగు గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగళూరుకు పోయే హైవే.

ఒక్క ముప్పై ఒకటిని మాత్రం ముట్టుకోవద్దు. దొరలు దానికి పెట్టిన పేరు "గెటప్ అండ్ రన్", లేచి పరుగెత్తు. 2022లో అరవై మూడు మండలాల జిల్లాను చీలిస్తే అనంతపురానికి దక్కినవి ముప్పై ఒకటే. చేను ఎండిన ఏడాది ఆ మండలాల వాళ్ళు మూట సర్దుకుని బెంగళూరు బస్సెక్కుతారు.