వేగభ్రంశము

రాత్రి పడుకొనబోవు ముందు ఇల్లంతయు కలయదిరిగి, గోడలమీది స్విచ్చులన్నియు కట్టివేసి, కట్టవలసినది మరేదియు మిగులలేదని నిశ్చయము కలిగినపిమ్మట గాని కన్నుమూయని పెద్దలు లేని తెలుగిల్లు కలదని ఎవరైన చెప్పినచో నేను నమ్మజాలను. ఈ వ్రతమున మా నాన్నగారు పరమ నైష్ఠికులు. ఇందువలన కరెంటు బిల్లునకు కలుగు ఉపశమనమెంతయో నాకు తెలియదు గాని, కంప్యూటరునకు కలుగు దుర్గతిని మాత్రము ప్రతి యుదయమును కన్నులార చూచుచున్నాను. రాత్రి 1833 మెగాహెర్ట్జుల వేగముతో పరుగులిడిన యంత్రము తెల్లవారునప్పటికి 1100కు దిగజారి, ఇది 2003వ సంవత్సరము జనవరి ఒకటవ తేదీ యని నిస్సంకోచముగా ప్రకటించి, సీమాస్ చెక్‌సమ్ కుదరలేదనియు, అయినను సాగదలచినచో ఎఫ్1 నొక్కుమనియు సెలవిచ్చును. నిన్న కరెంటాఫీసువారికి టైపుచేసిన ఉత్తరము ఆ విధముగా ఇరువది యేండ్లకు పైబడిన పురాతన లేఖయై ఫైళ్లలో చేరినది.

కారణము గూఢమైనది కాదు. మదర్‌బోర్డుమీద నాణెము వంటి బ్యాటరీ యొకటి యుండును. గోడనుండి కరెంటు వచ్చుచున్నంతవరకు, యంత్రము ఆపివేసి యున్నను, పవర్ సప్లయి ఐదు వోల్టుల సన్నని ధారను విడుచుచునే యుండును గనుక, ఆ బిళ్లకు దాదాపు పని యుండదు. నాన్నగారి హస్తము స్విచ్చుమీద పడిన క్షణమునుండి తెల్లవారువరకు తేదీని, గంటను, ప్రాసెసరును తక్కిన భాగములతో కలుపు 'బస్సు' అను దారి వేగమును జ్ఞాపకముంచుకొను భారమంతయు దానిదే. అది ముసలిదైనది, మరచుచున్నది. అది మరచినదాని స్థానమున, యంత్రమును మేల్కొల్పు బయోసు తనకు తోచిన 'భద్రమైన విలువల'ను నిలుపును. మా అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసరు హెచ్చింపు, అనగా బస్సు వేగమును గుణించు అంకె, పదకొండు. బస్సు 166 చిల్లరగా నున్నచో 1833, భద్రతకొరకు 100కు దించినచో 1100. అందుచేత ప్రతి యుదయమును డిలీట్ మీట నొక్కి, నీలితెర తెరచి, ఫ్రీక్వెన్సీ వోల్టేజి కంట్రోల్ అను పుటకు పోయి, 100ని 166 చేసి, ఎఫ్10 నొక్కి, వై కొట్టి బయటపడుచున్నాను. సంధ్యావందనమును చిన్ననాడే ఎగవేసిన నేను ఈ నీలితెర వందనమును మాత్రము ఎగవేయజాలకున్నాను.

పిలిపించిన రిపేరు కుర్రవాడు మూతయైనను విప్పక, "ప్రాసెసర్ ముసలిదైపోయింది అంకుల్, కొత్తది తీసుకోండి" అని చెప్పి, వచ్చినందులకు రుసుము పుచ్చుకొని పోయెను.

ఇక ఆ అంకెల సంగతి. ప్రాసెసరు డబ్బామీద నున్నది 2500 ప్లస్. లోపల నున్నది 1833. బస్సు 333 అని వ్రాసియున్నది. తెరమీద వేయవలసినది 166. విచారించినచో ఒక్కొక్కదానికిని సమాధానము కలదు. నాటి పెంటియం 4 మెగాహెర్ట్జులు హెచ్చు చూపుచు ఒక్కొక్క స్పందనమున తక్కువ పని చేయుచుండెను గనుక, ఏఎండీవారు తమ అథ్లాన్ వేగము నుడువక, దాని సామర్థ్యమునకు తగిన వేరొక అంకెను కల్పించిరి. బస్సు ఒక్కొక్క స్పందనమున రెండుమారులు సమాచారమును మోయును గనుక 166 రెట్టింపై 333 ఆయెను. న్యాయమే, కాదనను. కాని కాఫీయైనను త్రాగక నీలితెర ముందు కూర్చున్నవానికి ఈ న్యాయమెందులకు?

అంకెల ప్రస్తావన వచ్చినపిమ్మట టర్బో బొత్తామును తలపకుండ ముందునకు సాగుట కృతఘ్నత. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ వేగము 4.77 మెగాహెర్ట్జులు, ఆ వేగమునే నమ్ముకొని వ్రాసిన ఆటలు, పిమ్మట వచ్చిన వేగవంతములైన యంత్రములలో, ఆడువాడు మీటమీద వేలు మోపులోపలనే ముగిసిపోవుచుండగా, యంత్రమును కావలసినప్పుడు మందగింపజేయుటకై ఒక బొత్తామును అమర్చి, దానికి మందగతి యని పేరుపెట్టినచో ఎవరును కొనరు గనుక టర్బో యని నామకరణము చేసిరి. మా ఆఫీసులో సూపరింటెండెంటుగారు నెలాఖరున జీతాల బిల్లు తయారగునప్పుడు ఆ బొత్తామును స్వహస్తముతో నొక్కుచుండిరి. యంత్రము చతికిలబడెడిది. "చూశారా, బరువైన పని కదా, ఆలోచిస్తోంది!" అనెడివారు. బొత్తాము పైభాగమున ఎర్రని దీపపుటంకెలు వెలుగుచుండెడివి. అవి దేనినిగాని కొలుచునవి కావు. వెనుకనున్న జంపర్లను పెట్టె బిగించినవాడు ఎట్లు అమర్చిన అట్లు వెలుగును. సూపరింటెండెంటుగారి యంత్రమునకు 66, గుమాస్తా యంత్రమునకు 33 వెలుగుచుండగా, ఒకనాడు రెండింటి మూతలును తీయవలసివచ్చినప్పుడు, లోపల నున్నది ఒకటే ప్రాసెసరని తేలినది. పెట్టెలు బిగించిన మహానుభావుడెవడో గాని పదవీమర్యాద తెలిసినవాడు. ఆ రహస్యమును గుమాస్తాయు నేనును పదవీవిరమణవరకు కాపాడితిమి.

ఇన్ని అంకెలలో మాటకు నిలిచినది ఆ బ్యాటరీ బిళ్ల యొక్కటే. దాని పేరు సీఆర్2032. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందము 3.2. ప్లస్సును లేదు, టర్బోయు లేదు.

నన్ను బాధించునది వేగము పోవుట కాదు. 1100 దగ్గర నిలిపినను ఈ యంత్రము ఫిర్యాదు చేయదు. ఉత్తరము టైపుచేయును, కాగితము అచ్చువేయును, పాట వినిపించును. ఉదయపు తెర చూడనివానికి ఏదియో తగ్గినదని తెలియనే తెలియదు. మా పెద్దక్క వీథి యందరి చీటీపాటల లెక్కలను కాగితము ముట్టక నోటితో తేల్చును. హైస్కూలు పొరుగూరిలో నున్నది, దారి మంచిది కాదు అని ఆమెను అయిదవ తరగతితో మాన్పించిరి. మాన్పించినది నాన్నగారే, ఆమె క్షేమము కోరియే. ఆ తరువాత ఆ అంకెను సవరించుట ఎవరికిని తోచలేదు. నాకును తోచలేదు.

పాఠకులకొక మనవి. మీ కంప్యూటరు ఒక ఉదయమున పాత సంవత్సరమును చెప్పుచు మేల్కొన్నచో ప్రాసెసరు కొనకుడు. ప్లగ్గు ఊడదీసి, ఆ బిళ్లను మార్చి, బయోసు తెరచి, హెచ్చింపెంతయో బస్సెంతయో సరిగా నిలిపి, ఆ రెండంకెలను ఒక చీటీమీద వ్రాసి క్యాబినెట్టు మూత లోపలివైపున అంటింపుడు. డబ్బామీది అంకెను మాత్రము వ్రాయకుడు.