మామయ్య అంటే కూలిపోయే విమానం

విమానం కూలిందంటే గాలిదో, పక్షిదో, పైలట్‌దో, ఎవరిదో ఒకరిది తప్పుంటుంది. మా ఇంట్లో కూలిన విమానానికి ఆ భాగ్యం కూడా లేదు. అది రన్‌వే ఎక్కితే కదా! ఐకాన్ మీద రెండుసార్లు నొక్కితే మబ్బుల బొమ్మ వస్తుంది, కింద నీలం గీత కాస్త పాకుతుంది, అంతే. మబ్బులూ గీతా మాయమై, డెస్క్‌టాప్ మీద నా పాత కరెంటు బిల్లు వెక్కిరిస్తుంది. వారం రోజుల్లో నలభైసార్లు కూలింది. ప్రాణనష్టం లేదు. విసిగిన ప్రాణాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు కాబట్టి.

నా కోరిక పెద్దదేం కాదు. ఒడిశాలోని మా బరంపురం పక్కన రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ మీంచి లేచి, గోపాల్‌పూర్ లైట్‌హౌస్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటు పైనుంచి చూసి దిగిపోవాలని. నిజంగా పెద్ద విమానం ఎక్కాలంటే ముందు రైలెక్కి భువనేశ్వరో విశాఖో పోవాలి. ఆ బాధ పడలేకే మేనల్లుడు కంప్యూటరు కొనిపెట్టి, ముచ్చటపడి అకౌంటుకి తెలుగులో ‘మామయ్య’ అని పేరు పెట్టి, ఈ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్కించి, వాడి ఉద్యోగానికి వాడు వెళ్ళిపోయాడు.

సలహాలకు మా ఊళ్ళో కరువు లేదు. ఎదురింటాయన ఆపి వెయ్యమన్నాడు. ఆపి వేశాను. పక్కింటి కుర్రాడు గ్రాఫిక్స్ డ్రైవరు కొత్తది వెయ్యమన్నాడు, వేశాను. వాడి స్నేహితుడు ఆ కొత్తదే కొంప ముంచిందనీ, పాతది వెయ్యమనీ చెప్పాడు. అదీ అయింది. యాంటీవైరస్ ఆపాను, అదనపు విమానాలున్న ఫోల్డరు ఖాళీ చేశాను, సెట్టింగుల ఫైలు చెరిపేశాను. ఇవన్నీ నిజంగా పనికొచ్చే మందులే. నాది ఆ జబ్బు కాదు, అంతే.

చివరికి డబ్బాను చంకనెత్తుకుని రిపేరు షాపుకి మోశాను. కుర్రాడు మూత విప్పాడు. లోపల ఫ్యాను రెక్కల మీద అంగుళం మందాన దుమ్ము, ఓ మూల ఎండిపోయిన బల్లిగుడ్డు. దాన్ని స్క్రూడ్రైవరుతో గీకి, దోషి దొరికినట్టు నాకేసి చూశాడు. దుమ్ము ఊది, ర్యామ్ రెట్టింపు చేసి, డబ్బులు లెక్కపెట్టుకుని, మళ్ళీ నొక్కాడు. మబ్బులు, నీలం గీత, కరెంటు బిల్లు. ‘హెబొ నాహిఁ’ అన్నాడు. ఇక కాదని. అంతకుముందు తీసుకున్న డబ్బుల గురించి మాత్రం ఏ భాషలోనూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి, మొదట్లోనే చెయ్యాల్సిన పని చేశాను. ఈ ప్రోగ్రాములు చచ్చేముందు ఓ లాగ్ ఫైలులో మరణవాంగ్మూలం రాసిపోతాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అడుగు నుంచి పైకి చదివాను. ఫలానా ఫైలు తెరవలేకపోయాను, సి డ్రైవు, యూజర్స్, దాని తరవాత వరసగా ఆరు ప్రశ్నార్థకాలు. మూడక్షరాల మామయ్య ఆరు ప్రశ్నలెలా అయ్యాడు? మాకు ‘మా’, ‘మ’, ‘య్య’. కంప్యూటరుకి దీర్ఘం వేరు, వత్తు వేసే పొల్లు వేరు. మొత్తం ఆరు తునకలు. ఒక్కోదానికీ ఒక్కో ‘?’.

సంగతేమిటంటే, విండోస్‌కి తెలుగు బాగానే వచ్చు. యూనికోడ్‌లో మన లిపి 1991 నుంచీ ఉంది. 2001 నాటి ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు ఉంది. కానీ ఫైలు తెరవడానికి రెండు గుమ్మాలున్నాయి. కొత్త గుమ్మంలో అన్ని లిపులూ చెల్లుతాయి. పాత గుమ్మం దగ్గర కోడ్‌పేజీ అనే పాత జాబితా పట్టుకుని ఓ కాపలావాడుంటాడు. అందులో లేని అక్షరం కనిపిస్తే లాక్కుని చేతిలో ప్రశ్నార్థకం పెడతాడు. ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదన్నది మళ్ళీ అదే విండోస్ నిబంధన. ఉండే వీలే లేని ఫోల్డరు కోసం వెతికి వెతికి ప్రోగ్రాము ప్రాణం వదులుతుంది. పాత గుమ్మంలోంచే యూటీఎఫ్-8ని రానిచ్చే వీలు విండోస్ 10లో 2019లోనే వచ్చింది. ఈ సిమ్యులేటర్ రాసినవారికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. హిమాలయాలు దాటే విమానం చేశారు, మన దీర్ఘం దాటలేకపోయింది!

కంపెనీకి రాశాను. రెండు రోజులకి వినయంగా జవాబొచ్చింది: పేరులో ఇంగ్లీషు అక్షరాలే ఉండేలా చూసుకోగలరు. చెప్పు ఇరుకైతే కాలు చెక్కుకోమన్నట్టు. పైగా అకౌంటు పేరు మార్చినంత మాత్రాన ఫోల్డరు పేరు మారదు. మార్చి చూసుకున్నాను, లోపల మామయ్య మామయ్యలాగే ఉన్నాడు.

పేరు పోగొట్టుకోవడం మాకు కొత్త కాదు లెండి. 1936 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చినప్పటి నుంచీ మా వెంకటరావులు బెంకటరావులవుతున్నారు. ఈ ఊళ్ళోనే పుట్టి రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరిగారంతటివారు ఒడియా నోట బరాహగిరే. అయినా అందులో ఓ మర్యాద ఉంది. ‘వ’ తీసుకుని ‘బ’ అయినా ఇస్తారు.

మర్నాడు అక్కసు కొద్దీ షాపుకెళ్ళి, కుర్రాడి సొంత కంప్యూటరు చూపించమన్నాను. అకౌంటుకి ఒడియాలో వాడి పేరు. అందులోకీ సిమ్యులేటర్ ఎక్కించాం. మబ్బులు, నీలం గీత, ఢాం. లాగ్ తెరిస్తే అవే ప్రశ్నార్థకాలు, నాకన్నా రెండెక్కువ. మా గంజాం జిల్లాలో ఎవరి భాషకెంత నేలని ఓడొనెల్ కమిటీ 1931లో కొలతలు మొదలుపెట్టి ఎవరినీ తృప్తి పరచలేకపోయింది. ఈ కాపలావాడు క్షణంలో ఇద్దరికీ సమన్యాయం చేశాడు. కుర్రాడు నవ్వాడు. టీ తెప్పించాడు. ర్యామ్ డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు.

ఇంటికొచ్చి ఇంగ్లీషు అక్షరాలతో ‘పైలట్1’ అని కొత్త అకౌంటు తెరిచాను. నొక్కాను. మబ్బులు, నీలం గీత, ఇంజను హోరు. రంగైలుండ రన్‌వే పచ్చగడ్డి మధ్య పరుచుకుంది. అంతలో మేనల్లుడి ఫోను.

“ఏటైంది మామయ్యా, ఎగిరిందా?”

“ఎగిరిందిరా. పైలట్1 గారు గోపాల్‌పూర్ మీదున్నారు. మామయ్య కిందే ఉన్నాడు.”