చల్లగాలి వచ్చిందా, లోపలికి పదండి

ఏప్రిల్ సగమైందంటే మనలాంటివాళ్ల చేతులు ఊరుకోవు. పొద్దున లేవగానే ఉపగ్రహ చిత్రం, మధ్యాహ్నం ఏ మండలంలో ఎన్ని డిగ్రీలు, సాయంత్రం హైదరాబాద్ రాడార్‌లోనో మచిలీపట్నం రాడార్‌లోనో ఎర్ర మచ్చ ఎటు కదులుతోందన్న వెతుకులాట. ఇంట్లోవాళ్లు విసుక్కున్నా మానం. ఈ పిచ్చి మంచిదే, ఇంకా పదిమందికి అంటుకోవాలని కోరుకునేవాణ్ణే. కానీ ఎండనూ ఉరుములవాననూ మనం చూసే తీరు చాలావరకు తలకిందులుగా ఉంది. ముఖ్యం కానిచోట కళ్లు పెట్టుకుని కూర్చుంటున్నాం. అందుకే ఈ సలహాలు వినగానే తప్పుగా తోస్తాయి. అయినా పాటించమనే చెబుతున్నాను.

మొట్టమొదట, పెద్ద అంకెను ప్రేమించడం మానేయండి. రెంటచింతల 46, రామగుండం 45 అని వినగానే మనకు ఒక ఊపు వస్తుంది. రేపు 47 వస్తుందా, పాత రికార్డు పోతుందా అని పందేలు మొదలవుతాయి. పెద్ద అంకె కనిపిస్తే ముందు అనుమానించాలి. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశం రికార్డు బద్దలైందని ఊరూవాడా మోగిపోయింది. తరువాత వాతావరణ శాఖవారు పరికరాన్ని సరిచూస్తే అది 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీల రికార్డు చెక్కుచెదరలేదు. తెలంగాణలో ఇప్పుడు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. అన్ని ఉన్నప్పుడు ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట ఒక భయంకరమైన అంకె దొరుకుతుంది. ఆ ఒక్క అంకె జిల్లా మొత్తం ఎలా ఉందో చెప్పదు.

మరి ఏం చూడాలి? తెల్లవారుజామున ఎంత ఉందో చూడండి. కనిష్ఠ ఉష్ణోగ్రతను మనలో ఎవరూ పట్టించుకోరు, పత్రికలవాళ్లు కూడా పట్టించుకోరు. పగలు 43 ఉండి రాత్రి 25కి దిగితే ఒళ్లు తేరుకుంటుంది. పగలు 41 ఉండి రాత్రి 31 దగ్గరే ఆగిపోతే గుండెకు విరామం దొరకదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. రేకుల ఇంట్లో, ఒకే కిటికీ ఉన్న గదిలో పడుకున్న ముసలాయనకు మూడో రాత్రికి ప్రాణం మీదికి వస్తుంది. నిన్నటి గరిష్ఠం అడిగినవాళ్లకు ఈ ఉదయపు కనిష్ఠం చెప్పండి. విసుక్కుంటారు. చెప్పండి.

వడగాలి ప్రకటన కోసం ఎదురుచూడటం కూడా మానాలి. మైదానాల్లో 40 దాటి, మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు పెరిగితేనో, లేదా ఏకంగా 45కి చేరితేనో వడగాలి అంటారు. తీరప్రాంతంలో 37 చాలు, పెరుగుదల మాత్రం అంతే ఉండాలి. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు ఇలా ఉంటే రెండో రోజున ప్రకటిస్తారు. లెక్కకు అది సరైన పద్ధతే. కానీ ఉపాధి హామీ పనికి మొదటిరోజు వెళ్లినవాళ్ల ఒంటికి ఆ లెక్క తెలియదు.

కోస్తావాళ్లకు ఇంకో మాట. మీ ఊళ్లో 38 అని తెలిసి, రామగుండంవాళ్ల 45 చూసి హమ్మయ్య అనుకోకండి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే అంకెను తడి ఉష్ణోగ్రత అంటారు. అది 35కి చేరితే మనిషి బతకలేడని ఒకప్పుడు లెక్కగట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల మీద పరీక్షిస్తే, 31 దగ్గరే ఒళ్లు వేడిని వదిలించుకోలేకపోతోందని తేలింది. ఒంగోలులోనో కాకినాడలోనో ఉక్కపోతరోజు కొలవాల్సింది ఇదే. 2015 మే చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిన్నర మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. అందులో ప్రకాశం, గుంటూరు లాంటి కోస్తా జిల్లాలవాళ్లు చాలామంది.

ఇక ఉరుములవాన. ఎండలు ముదిరిన రోజుల్లో అందరూ ఆకాశంవైపు చూస్తూ, ఒక్క వాన పడితే బాగుండు అంటారు. మనమూ అంటాం. అనకండి. వేసవి వాన ఎండకు విరుగుడు కాదు, ఎండ కన్నబిడ్డ. విదర్భ మీదుగా కర్ణాటక, తమిళనాడు దాకా ఒక ద్రోణి సాగుతుంది, వార్తల్లో రోజూ వినేదే. దానికి పడమటగా పొడి వేడిగాలి, తూర్పున బంగాళాఖాతం నుంచి వచ్చే తడిగాలి. దక్కన్ పీఠభూమి మీద కాగిన గాలి పైపొరగా వచ్చి తడిగాలి మీద పరుచుకుంటుంది, ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూతలా. పొద్దున ఆకాశం తేటగా ఉండటానికి ఆ మూతే కారణం. ఎండ ఎంత కాస్తే అడుగున అంత శక్తి పోగవుతుంది. మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో మూత ఎక్కడో ఒకచోట లేస్తుంది. గంట తిరక్కముందే మేఘం 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. మన దగ్గర భరణి, కృత్తిక, రోహిణి కార్తెల్లో మబ్బు మామూలుగా రాదు, విరుచుకుపడుతుంది. కాబట్టి ఎండ ఎక్కువగా ఉన్నరోజే పిడుగుకు సిద్ధపడాలి. వడగాలి హెచ్చరిక, పిడుగుల హెచ్చరిక ఒకే రోజున ఒకే జిల్లాకు వచ్చిందంటే వాతావరణ శాఖ తడబడిందని నవ్వకండి. ఆ రెండూ కలిసే వస్తాయి.

ఇప్పుడు అన్నిటికన్నా వింతగా తోచే సలహా. చల్లగాలి తగిలితే లోపలికి పదండి. వారం రోజులు మాడిపోయాక సాయంత్రం ఒక్కసారిగా చల్లటి గాలి వీస్తే, దానితోపాటు మట్టి వాసన వస్తే, మంచం బయటికి లాక్కోని తెలుగువాడు ఉండడు. పిల్లలు డాబా మీదికి పరిగెడతారు, మనం ఫోన్లు తీసి వీడియోలు మొదలుపెడతాం. ఆ చల్లదనం ఎక్కడిదో ఆలోచించాలి. మేఘం లోంచి పడే చినుకులు కిందనున్న పొడిగాలిలో సగంలోనే ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి నేలమీదికి దూకుతుంది, నేలను తాకి అన్నివైపులకూ పరుచుకుంటుంది. మీ చెంపకు హాయిగా తగిలినది దాని ముందు అంచు. దాని వెనకే ఈదురుగాలి. కింద గాలి ఎంత పొడిగా ఉంటే ఆ దూకుడు అంత బలం. అందుకే వేసవిలో వాన నాలుగు చినుకులే పడినా గాలి మాత్రం హోర్డింగులను కూల్చేస్తుంది, రేకులను ఎగరేస్తుంది, కొత్తగా కట్టిన, ఇంకా తడి ఆరని గోడలను పడగొడుతుంది. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో అలాంటి గాలికి కట్టుబడిలో ఉన్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. గాలివానకు నీడ కోసం గోడ పంచకు చేరడం మనకు అలవాటు. ఆ అలవాటును వదిలించుకోవాలి.

పిడుగు విషయంలో వాన మొదలయ్యేదాకా ఆగకండి. అసలు వాన సంగతే మరచిపోండి. మేఘం ఇంకా అల్లంత దూరాన ఉండగానే, పది కిలోమీటర్లకు పైగా దూరంలో, మీ నెత్తిమీద ఎండ ఉన్నచోట కూడా పిడుగు పడగలదు. వాన కురుస్తుండగా జనం ఎలాగూ లోపలే ఉంటారు. వానకు ముందు కల్లంలో మిర్చి మీద పరదాలు కప్పుతూనో, ధాన్యం కుప్ప చేస్తూనో, గొర్రెలను అదిలిస్తూనో ఉన్నవాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది. వాన వెలిశాక మామిడికాయలు ఏరుకోవడానికి తోటలోకి పరిగెత్తే పిల్లలకూ అదే ప్రమాదం. మన దేశంలో ఏటా 2000 మందికి పైగా పిడుగులకు బలవుతున్నారు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అది తుపాను రోజు కూడా కాదు, ఎండాకాలపు మామూలు మంగళవారం.

చెట్టు కిందికి వెళ్లకూడదని ఇప్పుడు చాలామందికి తెలుసు. పాకలోకి కూడా వెళ్లొద్దని తెలిసినవాళ్లు తక్కువ. 1975లో జింబాబ్వేలో పిడుగుకు భయపడి ఒక గుడిసెలో గుమికూడిన 21 మంది ఒకే పిడుగుకు చనిపోయారు. ఒక్క పిడుగుకు నేరుగా బలైనవారి సంఖ్యలో ప్రపంచ వాతావరణ సంస్థ నమోదుచేసిన రికార్డు అది. మన పొలాల్లోని మోటారు షెడ్డు, తాటాకు పాక, బస్టాపు రేకు అన్నీ ఆ కోవలోవే. పక్కా ఇల్లు, లేదంటే అద్దాలు ఎత్తిన కారు, ఈ రెండే మనకు దిక్కు. ఇంట్లో ఉన్నా కుళాయి దగ్గర, కిటికీ దగ్గర నిలబడకండి, ఆ కాసేపు స్నానం ఆపుకోండి.

ఉరిమితే అర్జునుడి పది పేర్లు చదువుకోమని పెద్దవాళ్లు చెప్పేవారు. చదవండి, మానమని చెప్పను. కాకపోతే ఉరుముకు కాకుండా మెరుపుకే మొదలుపెట్టండి. వెలుగు వెంటనే కనిపిస్తుంది, శబ్దం మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున నడిచి వస్తుంది. నిదానంగా పది పేర్లు పూర్తికాకముందే ఉరుము వినిపిస్తే పిడుగు మీకు మూడు, నాలుగు కిలోమీటర్లలోనే పడింది. ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపు వినిపిస్తే పది కిలోమీటర్లలో ఉన్నట్టు, అప్పటికే లోపల ఉండాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి, మంచిదే. అయితే చెవికి వినిపించాక ఫోను తీసి చూసుకోవాల్సిన పని లేదు.

వాన వెలిసింది, చల్లబడింది. ఇప్పుడు నిశ్చింతగా ఉండొచ్చా? మర్నాటిని గట్టిగా గమనించమంటాను. మబ్బులు తెలతెలవారేసరికి తేలిపోతాయి, తడిసిన నేలమీద తొమ్మిదింటికే ఎండ చుర్రుమంటుంది, నిన్న పడిన నీళ్లన్నీ ఆవిరై గాలిలో కలుస్తాయి. ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు తగ్గినట్టు పేపర్లో వస్తుంది, ఒంటికి మాత్రం నిన్నటికన్నా ఎక్కువ కష్టం. పైగా గాలివానకు కరెంటు తీగలు తెగి ఉంటాయి. వాన పడిన మర్నాడు ముసలివాళ్లున్న ఇళ్లకు ఒకసారి వెళ్లి పలకరించి రండి.

ఇలాంటిదే తుపాను సంగతి. మేలో బంగాళాఖాతంలో తుపాను పుట్టి, అది మనవైపు రాకుండా బెంగాల్‌కో మయన్మార్‌కో పోయిందంటే మనం గండం గడిచిందంటాం. దాని చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి పడమటవైపున ఉన్న మనమీదికి నేలమీది పొడిగాలి ఉత్తరం నుంచి దిగుతుంది. మధ్యాహ్నం రావాల్సిన సముద్రపు గాలి ఒడ్డు దాటదు. 2003 మేలో ఒక తుపాను అలాగే మయన్మార్‌వైపు పోతూ ఇక్కడి తేమను లాక్కుపోయింది, అసలే ఉన్న వడగాలులు ముదిరాయి. ఆ ఎండాకాలంలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. తుపాను దూరం వెళ్లిన వారమే కుండల్లో నీళ్లు ఎక్కువ పెట్టుకోవాల్సిన వారం.

ఇంటి వైద్యంలోనూ రెండు తలకిందుల మాటలున్నాయి. గది వేడి 40 దాటాక ఫ్యాన్‌ను నమ్ముకోకండి. అంత వేడిగాలి ఒంటిమీదికి కొడితే చల్లబడటానికి బదులు వేడెక్కుతామని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తడిగుడ్డతో చేతులు, మెడ, వీపు తుడుచుకుంటూ ఉండాలి. ముసలివాళ్లకు చెమట తక్కువ కనుక వాళ్లకు ఇది మరీ అవసరం. రెండోది, వడదెబ్బ తగిలినవాడికి జ్వరం మాత్ర వేయొద్దు. అది జ్వరం కాదు, మాత్రతో ఆ వేడి దిగదు. మాట తడబడుతున్నా, మనిషి సోయిలో లేకపోయినా నోట్లో మజ్జిగ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, బిందెలతో ఒళ్లంతా నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు.

ఇంత చూసే మనం, చూసినదాన్ని ఎవరితో చెబుతున్నాం? మనలాంటివాళ్లతోనే. రాడార్‌లో మేఘం ఎదుగుతుంటే ఒకరికొకరం బొమ్మలు పంపుకుని మురిసిపోతాం. ఆ బొమ్మ అవసరమైనవాడు మన గుంపులో ఉండడు. అందుకని మీ బొమ్మలు చూసేవాళ్ల సంఖ్య పెంచుకోవడం మాని, ఒక నలుగురి ఫోన్ నంబర్లు పోగుచేయండి. ఊళ్లో గొర్రెలు కాసే అతను, ఉపాధి పని చేయించే మేటు, పక్కవీధిలో స్లాబు పోయించే మేస్త్రీ, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు. వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి ఇచ్చే తక్షణ హెచ్చరిక మన ఫోన్లలోకి వస్తుంది, వాళ్ల ఫోన్లలోకి రాదు, వచ్చినా రంగుల పటం చూసుకునే తీరిక ఉండదు. ఫోన్ చేసినప్పుడు ద్రోణి గురించి చెప్పకండి. "అన్నా, మూడున్నరకల్లా మబ్బు మనమీదికి వస్తుంది, గొర్రెలను తోలుకుని ఊళ్లోకి వచ్చెయ్" అనండి. మేస్త్రీకైతే ముందురోజు సాయంత్రమే చెప్పాలి, పని తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపమని. మీరు చెప్పిన మబ్బు పక్క మండలానికి మళ్లిపోతే రెండుసార్లు తిడతాడు. మూడోసారీ చేయండి.