రాత్రి డ్యూటీ

మా అక్క కూతురిది బషీరాబాద్. తండ్రి తాండూరులో నాపరాళ్ళు పాలిష్ పట్టే పని చేస్తాడు. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఏడాది ఐసీయూలో పనిచేసి, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్‌లో చేరింది. రెండేళ్ళ పీజీ చదువు. పాఠాలు వినేది ఐదో వంతే, మిగతాదంతా రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. నవాంద్గి స్టేషన్‌లో ఆ పిల్లను హైదరాబాద్ రైలెక్కించిన రోజు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మొదటిసారి సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు రాలేదు, వాళ్ళమ్మా మేనమామా వచ్చారు. చాయ్ తాగుతూ ఆవిడ అడిగింది ఒక్కటే.

"రాత్రి డ్యూటీలుంటయా?"

"ఉంటయమ్మా. ఐసీయూ గదా" అంది మా పిల్ల.

"సూదులేసుటానికి గింత సదువెందుకు? మా ఇంట్ల ఆడివిల్ల పొద్దుగూకినంక గడప దాటది."

అసలు ఐసీయూలు పుట్టిందే రాత్రి డ్యూటీల్లోంచి. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడి రోగులకు ఊపిరి ఆడకపోతే, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు చేత్తో గాలి సంచులు నొక్కి బతికించారు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్క వద్దన్నట్టు చూసింది. ఊరుకున్నాను. వాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో మా పిల్ల రాత్రి డ్యూటీలో ఉండగా ఒక పెద్దావిడను తెచ్చారు. న్యుమోనియా. ముఖమంతా ఆక్సిజన్ మాస్కే. రెండో రాత్రి ఒంటిగంటప్పుడు మానిటర్ మీద బీపీ బాగానే ఉంది. కానీ నిమిషానికి 20 ఉన్న శ్వాస 28కి చేరింది. మూత్రం సంచిలో, ఆవిడ బరువుకు గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావలసింది, 10 దగ్గరే ఆగింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంటే బీపీ కన్నా ముందు ఈ రెండే చెబుతాయి. అలారం మోగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే అంటుంది మా పిల్ల. వెంటనే డ్యూటీ డాక్టరును లేపింది. రక్త పరీక్షలు పంపారు, సెలైన్ పెంచారు, యాంటీబయాటిక్ మార్చారు. తెల్లవారుజామున నిజంగానే బీపీ పడింది. అప్పటికే అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పెద్దావిడ గండం గట్టెక్కింది.

వార్డుకు మార్చే ముందు రాత్రి, మా పిల్ల ఒత్తిగిల్లజేసి వీపు తుడుస్తుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది. టోపీ, మాస్కు మధ్య కళ్ళు తప్ప మా పిల్ల ముఖం ఆవిడకు ఎన్నడూ కనబడలేదు.

"కన్న బిడ్డ గూడ గిట్ల చెయ్యది. కండ్లల్ల ఒత్తులేసుకొని చూసినవ్. ఏ ఊరు బిడ్డా మీది?"

"తాండూరు దిక్కేనమ్మా."

"మాది గూడ గాడనే! పెండ్లయిందా?"

"కాలేదమ్మా."

"మా పిలగానికి నీ అసుంటి పిల్ల దొరకాలె బిడ్డా. నిరుడు బషీరాబాద్‌ల ఒక పిల్లను చూసినం. రాత్రిపూట డ్యూటీలకు పోతదంట. చాయ్ తాగి వచ్చేసినం."