సెలవులకు ఎక్కడికెళ్లాలో తేల్చుకునే పద్ధతి

ముందుగా మ్యాప్ మడిచి పక్కన పెట్టండి. ఊటీయా, బాలీయా అని ఇంటిల్లిపాదీ ఎంత వాదించుకున్నా తేలేదేమీ ఉండదు. దానికి బదులు జీతం చీటీ బయటికి తీయండి. అది లేని ఇల్లయితే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి పనిలోకి వెళ్లొచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి 20 రోజులకొకటి చొప్పున జీతంతో సెలవిచ్చింది. ఇళ్లలో అంట్లు తోమే మనిషికి అలాంటి చట్టమేదీ వర్తించదు. ఆమె వారం రోజులు ఊరెళ్తే ఆ ఇంటి పని ఇంకొకరి చేతికి పోవచ్చు. ఎక్కడికెళ్లాలన్న ప్రశ్న పుట్టడానికే ఒక హోదా కావాలన్నమాట.

ఇంట్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఉంటే మీకు శ్రమే లేదు, మీ అభిరుచిని ఢిల్లీలో నిర్ణయిస్తారు. ఎల్‌టీసీ అనే ప్రయాణ రాయితీ నాలుగేళ్ల బ్లాకుల్లో నడుస్తుంది: సొంతూరికి రెండుసార్లు, లేదంటే ఒకసారి సొంతూరికి, ఒకసారి దేశంలో ఎక్కడికైనా. సొంతూరికి బదులు అండమాన్‌కో, కశ్మీర్‌కో, ఈశాన్య రాష్ట్రాలకో వెళ్లొచ్చనీ, విమాన అర్హత లేనివారూ అక్కడికి విమానంలో పోవచ్చనీ సర్క్యులర్లో సడలింపు వచ్చింది. అప్పట్నుంచీ అండమాన్ సముద్రం మీద కొందరికి పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. పిల్లలకు సెల్యులర్ జైలు చూపించాలని వెళ్తున్నామనండి, మర్యాదగా ఉంటుంది.

సర్క్యులర్ లేని ఇంటికి చుట్టాలే దిక్కు. జాతీయ నమూనా సర్వే 2014-15లో దేశంలోపలి ప్రయాణాలను లెక్కగట్టినప్పుడు, రాత్రి బస చేసిన ప్రయాణాల్లో అత్యధిక భాగం బంధుమిత్రుల ఇళ్లకో, శుభకార్యాలకో వెళ్లినవేనని తేలింది. వట్టి సరదాకు వెళ్లినవి చాలా కొద్ది. కాబట్టి హోటళ్లు వెతికే ముందు చుట్టాలను మంచి చోట్ల స్థిరపరచుకోండి. మేనత్తను విశాఖ ఇచ్చి ఉంటే అరకు మీదే. పెదనాన్న కొడుకు బెంగళూరులో ఉంటే మైసూరూ ఊటీ అందినట్టే. కూతురు డల్లాస్‌లో ఉంటే అమెరికానే చూడొచ్చు, కాకపోతే ఆ యాత్ర ముహూర్తం ఆమె పురుడును బట్టి కుదురుతుంది. ఆరు నెలల్లో నయాగరా దగ్గర ఒకపూట, తక్కిన రోజులన్నీ పసిబిడ్డకు నీళ్లు పోయడం, అల్లుడికి చారు పెట్టడం. వాట్సాప్‌లో మాత్రం నయాగరానే పెట్టండి. చుట్టాలంతా పక్క ఊళ్లోనే ఉంటే మీ సెలవులూ అక్కడే. చుట్టరికం ఎంత దూరం పాకిందన్నది రెండు తరాల కిందట భూమీ చదువూ ఏ కులాల చేతుల్లో ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతి మీ తాతగారు ముందే ఆలోచించుకోవాల్సింది.

తిరుపతికి కూలివాడూ వెళ్తాడు, కోటీశ్వరుడూ వెళ్తాడు, దేవుడి ముందు తేడా ఏముంది అని మీరు అడ్డు తగలొచ్చు. అలిపిరి మెట్లు ఎవరికైనా 3,550 అన్నది నిజమే. తేడా పైకెక్కాక మొదలవుతుంది. శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు ఇచ్చినవారికి బ్రేక్ దర్శనం, ఎమ్మెల్యే సిఫారసు లేఖ తెచ్చుకున్నవారికీ బ్రేక్ దర్శనం. 300 రూపాయల టికెట్ కోసం సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో కాచుకోవాలి. అంటే ఫలానా రోజు తనకు ఖాళీ అని మూడు నెలల ముందే తెలిసే ఉద్యోగం ఉండాలి. ఇవేవీ లేనివారికి సర్వదర్శనం ఉచితం, రద్దీ రోజుల్లో దానికి ఇరవై గంటలు దాటడం కూడా ఉంది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. క్యూలో ఒక రోజు పోగొట్టుకున్న కూలీ 300 రూపాయల టికెట్ కొన్నట్టే, పైన ఏడు రూపాయలు అదనం.

ఇప్పుడు ఈఎంఐ మీద ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. తప్పకుండా అప్పు చేయండి. అయితే యూరప్ మీద మనసు పడితే షెంజెన్ వీసాకు 90 యూరోల ఫీజు కట్టాలి, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ఆపైన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, యజమాని ఇచ్చిన సెలవు పత్రం, 30,000 యూరోల బీమా చూపించాలి. మీరు మళ్లీ ఇంటికొస్తారని వాళ్లను నమ్మించాలి మరి. ఇల్లూ పొలమూ ఉద్యోగమూ ఉన్నవాడే తిరిగొస్తాడని వాళ్ల లెక్క. ఈఎంఐ టికెట్ కొనిపెడుతుంది గాని వీటిని కొనిపెట్టలేదు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా సైకిల్ మీద కశ్మీర్ వెళ్లినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. అందుకే వాళ్ల ఫొటోలు పేపర్లో పడతాయి.

చోటు ఖాయమయ్యాక మిగిలేది ఒక్కటే: అది మీ ఇష్టమేనని అద్దం ముందు నిలబడి చెప్పడం అలవాటు చేసుకోండి. యూరప్ వెళ్లేవారు జనం తొక్కిడి తమకు పడదనాలి. తిరుపతి వెళ్లేవారు మొక్కు ఉందనాలి. ఎక్కడికీ వెళ్లనివారు ‘ఈ ఎండల్లో ఎక్కడికండీ’ అంటే చాలు, మే నెలలో ఆ మాటను కాదనే తెలుగువాడు ఉండడు.